పెద్దమ్మ కాదు, వదిన

"ఆ పిల్లతో చెప్పు, నా స్టూలు మీద ఆ లైటు పెట్టొద్దని."

చిన్నమల్లయ్య ఈ మాట భార్య కాశమ్మతో అన్నాడు. ఆ పిల్ల, అంటే కోడలు నాగవేణి, ఆయనకు మూరెడు దూరంలోనే నిలబడి లైటు బిగిస్తోంది. కాశమ్మ విసుగ్గా కోడలి వైపు తిరిగి, విన్నావు కదా అంది. నాగవేణి కూడా ఏం తక్కువ తినలేదు. విన్నానని చెప్పండత్తా అంది, మామ వైపు చూడకుండానే.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో రాయబారం ఇట్లాగే నడుస్తోంది. మార్కాపురం బస్టాండు వెనక సందులో ముందు గది మల్లికార్జున ఫొటో స్టూడియో, వెనక గదులు వీళ్ల ఇల్లు. ఆ ముందు గదిలో ఫొటో దిగేవాళ్ల వెనక నలభై ఏళ్లుగా వేలాడిన, కొండలూ జలపాతమూ గీసిన తెరను నాగవేణి సోమవారం విప్పి, చుట్టి, అటక మీద పెట్టింది. దాని చోట బూడిద రంగు గుడ్డ కట్టింది. చిన్నమల్లయ్య వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. మంచం వసారాలోకి వేయించుకుని కోడలితో మాటలు మానేశాడు. అరిచినా బాగుండేది. అరిచే మనిషికి బదులు చెప్పొచ్చు, అలిగిన మనిషికి ఏం చెప్తాం?

ఈ గొడవ చూసి చూసి కొడుకు గోవర్ధన్‌కు తల బొప్పి కట్టింది. పలకల కంపెనీలో సూపర్‌వైజరు అతను. ఇంటికొస్తే తండ్రి ఒకవైపు మొహం, భార్య ఒకవైపు మొహం. గదే లేకపోతే గొడవే ఉండదని అతనికి తోచింది. మగవాళ్లకు ఇట్లాంటి తెలివైన ఆలోచనలు అప్పుడప్పుడు వస్తుంటాయి. దర్శిలో సెల్‌ఫోన్ల దుకాణం ఉన్న ఒకాయన మార్కాపురంలో గది వెతుకుతున్నాడని తెలిసి, మా గది చూసుకో అని మాటిచ్చేశాడు. ఆయన ఈ రోజు సాయంత్రం అయిదింటికి టేపు పట్టుకుని కొలతలకు వస్తున్నాడు.

నాగవేణి భర్తను ఒకటే గడువు అడిగింది. విజయవాడలో ఒక చీరల కొట్టు వాళ్లు ఈసారి ప్రకటనలకు సినిమా మొహాలు వద్దని, మెట్టపొలాల ఆడవాళ్లే తమ కొట్టు చీరలు కట్టుకుని నవ్వుతున్న ఫొటోలు కావాలని అడిగారు. ఒక చీర పంపారు. అదే అయిదింటికల్లా మూడు ఫొటోలు పంపాలి. వాళ్లకు నచ్చితే ఏడాది పొడుగునా వాళ్ల పని ఈ గదిలోనే. నచ్చకపోతే ఈ గదిలో సెల్‌ఫోన్లు.

నాగవేణికి ఆ గది అంటే ప్రాణం. పెళ్లై వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో ఆమెకు బెరుకు లేని చోటు అదొక్కటే. కెమెరా ఎట్లా పట్టాలో నేర్పింది కూడా ఇప్పుడు అలిగి కూర్చున్న ఈ మామే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అందుకే ఇద్దరికీ అంత కోపం.

పొద్దున పదకొండు నుంచి కుర్చీలో రాములమ్మ కూర్చుని ఉంది.

రాములమ్మది తర్లుపాడు దగ్గర పల్లె. గొర్రెలు, రెండెకరాల కంది చేను. వయసు యాభై ఉంటుంది. పోయిన వారం తర్లుపాడు బస్సులో నాగవేణి ఆమెను చూసింది. కండక్టరు ఏదో అంటే రాములమ్మ నవ్వింది. ఆ నవ్వు ముందు సీటు నుంచి మొదలై చివరి సీటు దాకా పాకి, ఎందుకు నవ్వుతున్నారో తెలియని వాళ్లు కూడా నవ్వేశారు. నాకు కావలసింది ఈ నవ్వే అనుకుంది నాగవేణి. బస్సు దిగేలోపు బతిమాలి ఒప్పించింది.

ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడుందో ఆ మల్లన్నకే తెలియాలి. రాములమ్మ కొత్త చీర కట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పంచాయితీలో తీర్పు చెప్పే పెద్దమనిషిలా బిగుసుకుని కూర్చుంది. పెద్దమ్మా, కొంచెం నవ్వండి అంటే పెదాలు రెండు పక్కలకీ సాగదీస్తుంది. పెద్దమ్మా, అటు తిరగండి అంటే మనిషి మొత్తం ఒక్కసారిగా తలుపు తిరిగినట్టు తిరుగుతుంది. నూట నలభై ఫొటోలు తీసింది నాగవేణి. నూట నలభై ఆధార్ కార్డులు.

అన్నిటికంటే వింత ఏమిటంటే, కెమెరా పైకెత్తగానే రాములమ్మ ఊపిరి బిగబట్టేస్తోంది. నాగవేణి ఉండబట్టలేక అడిగేసింది, ఎందుకు పెద్దమ్మా ఊపిరి ఆపుతారని.

"ఈడే కదమ్మా, పెళ్లైన కొత్తలో ఒక ఫొటో దిగినా. ఆ పెద్దాయనే తీసినాడు. కదలొద్దు, ఊపిరి పట్టు అన్నాడు. నాకు గుర్తుండాది" అంది రాములమ్మ, మంచి పని చేసిన దానిలా.

నాగవేణికి ఒళ్లు మండింది. నాలుగు రోజులది, ఈ పొద్దుటిది కలిపి మండింది. గుమ్మం దాకా వచ్చి, వసారాలో మంచం మీద కూర్చున్న మామకు వినపడేలా అత్తతో అంది.

"అత్తా, మామతో చెప్పండి. ఈ ఊరి మొహాలన్నీ ఇట్ల బిగుసుకోని పోయింది ఆయన వల్లే. ముప్పై ఏళ్లయినా ఊపిరి వదల్లేదు ఈ మనిషి."

కాశమ్మ చేటలో కందులు చెరుగుతున్నదల్లా చెయ్యి ఆపింది. అప్పుడే గోవర్ధన్ భోజనానికని వచ్చి, చెప్పులు విడుస్తూ ఆ నిశ్శబ్దం విని మళ్లీ చెప్పులు వేసుకుందామా అనుకున్నాడు.

చిన్నమల్లయ్య లేచి వచ్చాడు. కోడలి పక్కగా, కోడలు అక్కడ లేనట్టుగా, భార్య ఎదుట నిలబడ్డాడు.

"ఆ పిల్లతో చెప్పు. అప్పటి కెమెరాకు మనిషి కదిలితే మొహం చెదిరిపోయేది. ఊపిరి పట్టమన్నది ఒక్క చిటికె సేపు. దానికి ముందు అర్ధగంట కూర్చోబెట్టుకోని మాట్లాడేవాణ్ని. అది ఎవురూ చెప్పరు." కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "తప్పు ఊపిరిలో లేదు, లైట్లో లేదు. పొద్దున్నుంచి ఆమెను పెద్దమ్మా, పెద్దమ్మా అంటాంది. పెద్దమ్మా అంటే పెద్దమ్మ మాదిరే కూర్చుంటది. పెద్దమ్మలు కోడళ్ల ముందర పళ్లు బయటపెట్టి నవ్వుతారా?"

నాగవేణికి చెంప మీద తగిలినట్టయింది. తను నేర్చుకున్న వీడియోల్లో మోడల్‌ను పేరు పెట్టి పిలవండి, చనువు వస్తుంది అని చెప్తారు. యాభై ఏళ్ల మనిషిని మార్కాపురంలో పేరు పెట్టి పిలిస్తే చనువు రాదు, తగాదా వస్తుంది. అందుకని ఆలోచించి మరీ ఎంతో గౌరవంగా పెద్దమ్మా అంది. ఆ గౌరవం ఆ మనిషిని కుర్చీలో కట్టేసిందని ఆమెకు తట్టనే లేదు. మామ చెప్పింది నిజమని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

చిన్నమల్లయ్య గదిలోకి వెళ్లి స్టూలు మీది లైటును తీసి కింద పెట్టి, ఆ స్టూలు రాములమ్మ ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. పుట్టిల్లు ఏ ఊరని అడిగాడు. చంద్రశేఖరపురం అంది. నాయన పేరేందని అడిగాడు. లింగయ్య అంది. గొర్రెల లింగయ్యేనా, ఎడమ చేతికి కడియం ఉండేది, ఆయనేనా అన్నాడు. రాములమ్మ కళ్లు పెద్దవి చేసింది.

"మా చేలో ఎరువుకు మంద కట్టేది మీ నాయనే కదమ్మా. ఏటా వచ్చేవాడు. నేను పొద్దుగూకేదాకా ఆయన్తోనే ఉండేవాణ్ని. అన్నా అని పిలిచేవాణ్ని. అన్న కూతురివంటే నాకు కూతురివి కాదా?"

"అయితే నువ్వు నాకు చిన్నాయనవే" అంది రాములమ్మ.

అంతే. ఆమె భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి. మోకాళ్ల మీది చేతులు ఒళ్లోకి జారాయి. ముప్పై ఏళ్ల కింద పట్టిన ఊపిరి ఇప్పుడు వదిలింది ఆ తల్లి. నాగవేణి చూస్తూ నిలబడిపోయింది. ఇంత సులువా అని ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

వరస కలిపితే ఊరికే పోదు, మన వైపు సంగతి తెలిసిందే. ఒక కొస పట్టుకుని లాగితే ఇల్లంతా కదిలి వస్తుంది. చిన్నమల్లయ్యకు కూతురంటే గోవర్ధన్‌కు అక్క. గోవర్ధన్‌కు అక్క అంటే నాగవేణికి వదిన, ఈ ఇంటి ఆడబిడ్డ. కాశమ్మకు మాత్రం ఇది ససేమిరా నచ్చలేదు. పొద్దున గుమ్మంలో రాములక్కా అని పిలిచిన మనిషికి తను ఇప్పుడు చిన్నమ్మ ఏమిటని గొణిగింది. రాములమ్మ లేచి వచ్చి ఆమె చేటలోంచి నాలుగు కందిగింజలు తీసి నోట్లో వేసుకుని, చిన్నమ్మా, ఆకలైతాంది, అన్నం పెట్టవా అంది. కాశమ్మ గొణుగుతూనే లేచింది. గొణుగుతూనే పప్పులో నెయ్యి కొంచెం ఎక్కువే వేసింది.

అన్నం తింటూ రాములమ్మ ఇంటి సంగతులన్నీ కూపీ లాగింది. జలపాతం తెర సంగతి విన్నది, నాలుగు రోజుల మౌనం సంగతి విన్నది. సెల్‌ఫోన్ల ఆయన సంగతి వినగానే ముద్ద ఆపి గోవర్ధన్ వైపు చూసింది. ఆడబిడ్డను అడక్కుండా ఇంట్లో గది ఎట్ల ఇచ్చినావు తమ్ముడూ అంది. నాగవేణి కిసుక్కున నవ్వింది. చిన్నమల్లయ్య మీసాల కింద నవ్వాడు. గోవర్ధన్ ఒక్కడే నవ్వలేదు. అతనికి అసలు అక్కల అలవాటు లేదు.

చెయ్యి కడుక్కొచ్చాక రాములమ్మ ఇంక ఆ కుర్చీలో కూర్చోనంది. ఆ లైట్లకు కళ్లు మంటలు పుడుతున్నాయంట. నాగవేణి ఈసారి బతిమాలలేదు.

"అయితే నీకు యాడ కూర్చోబుద్ధైతాదో ఆడ కూర్చో వదినా" అంది.

రాములమ్మ తిన్నగా దొడ్లోకి నడిచి, గోడవారన పేర్చి ఉన్న పలకరాళ్ల ముందు నేల మీద కూర్చుంది. గచ్చు వేయగా మిగిలిన నల్లరాళ్లు అవి, నిలువెత్తు ఉన్నాయి. నాగవేణి అటు చూసి ఒక్క క్షణం ఊపిరి తానే బిగబట్టింది. మూడు దాటింది. గోడ నీడ దొడ్డి సగానికి వచ్చింది. ఆ నల్లరాతి ముందు మెంతిరంగు చీర దీపం పెట్టినట్టుంది.

చిన్నమల్లయ్య గుమ్మంలో నిలబడి కాశమ్మతో అన్నాడు, మొహానికి ఎడంపక్క చీకటైతాంది, ఆ పిల్లకు చెప్పు అని. అది ఆ పిల్లకు అప్పటికే కనిపించింది. దండెం మీద ఆరేసిన మామ తెల్ల పంచె లాగి భర్త చేతిలో పెట్టింది. రెండు చేతులూ చాపి ఎండ తగిలే చోట పట్టుకోమంది. పంచె మీద పడిన ఎండ మెత్తబడి రాములమ్మ చెంప మీదికి వచ్చింది, కళ్లలో చిన్న తెల్లచుక్కై నిలిచింది.

గోవర్ధన్‌కు ఇది పరువు తక్కువ పనిగా తోచింది. సూపర్‌వైజరు దొడ్లో పంచె పట్టుకుని నిలబడడమేమిటి? దించబోయాడు.

"దించొద్దు తమ్ముడూ, నేను చెప్పేదాకా" అంది రాములమ్మ.

దించలేదు.

ఆ తర్వాత పని నాగవేణిది, అందులో ఆమెకు ఎవరూ ఏమీ చెప్పక్కరలేదు. అత్త దగ్గరి చేట తీసుకుని వదిన చేతికి ఇచ్చింది. పని ఉన్న చేతులు ఫొటో సంగతి మర్చిపోతాయి. తను కూడా నేల మీద చతికిలబడి కెమెరాను వదిన కళ్ల ఎత్తులో పట్టింది. నవ్వమని ఒక్కసారి కూడా అనలేదు. మీ తమ్ముడు అలిగితే రెండు పూటలు అన్నం తినడు, మూడోపూట రెండు పూటలదీ కలిపి తింటాడు అని చాడీలు మొదలుపెట్టింది. ఆడబిడ్డకూ మరదలికీ మధ్య నడిచే మాటలే అన్నీ. రాములమ్మ కందులు చెరుగుతూ, ఓరగా తమ్ముణ్ని చూస్తూ, పొట్టు ఊదుతూ, మధ్యలో పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. నాగవేణి ఎక్కువ తీయలేదు. ఒక్కోటి చూసి చూసి తీసింది.

నాలుగున్నరకు కెమెరా తెర మీద ఫొటోలు జరుపుతుంటే భుజం వెనక ఎవరో నిలబడినట్టయింది. మామ. చాలాసేపు చూశాడు. కంట్లోని ఆ తెల్లచుక్క దగ్గర వేలు పెట్టాడు.

"బాగుండాయని చెప్పు" అన్నాడు కాశమ్మతో.

నాగవేణి ఆ మాటకు పొంగిపోయింది. అయినా ఆమెకు తెలుసు, ఇంకా బస్సులో నవ్వు రాలేదు. ఇవి మంచి ఫొటోలు. అది వేరే.

అయిదుకు పావుగంట ఉందనగా వీధి తలుపు చప్పుడైంది. దర్శి ఆయన ముందుగానే వచ్చేశాడు. స్టూడియోలో ఎవరూ కనపడక, పిలుచుకుంటూ దొడ్లోకే వచ్చాడు, చేతిలో టేపు. వచ్చి చూసి బిత్తరపోయాడు. నల్లరాళ్ల ముందు కొత్త చీరలో ఒకామె కందులు చెరుగుతోంది, ఒకామె నేల మీద కూర్చుని కెమెరా పట్టుకుంది, తనకు గది ఇస్తానన్న మనిషి పంచె చాపి దండెంలా నిలబడి ఉన్నాడు.

గది కొలుచుకుంటానన్నాడాయన. నాగవేణి కెమెరా దించలేదు, భర్త వైపు తిరగనూ లేదు. తిరిగితే ఏడుస్తుందని ఆమెకు భయం.

గోవర్ధన్ పంచె మీదుగా ఆమెను చూశాడు. ఈ గంటన్నరలో అతను చేసిన పని అదొక్కటే. చేతులు పట్టేసి వేరే పని లేక, భార్య పని చేస్తుంటే పెళ్లైన ఎనిమిదేళ్లలో మొదటిసారి నిలబడి చూశాడు.

"గది ఇచ్చేదానికి లేదన్నా. మా అక్క ఒప్పుకోలేదు" అన్నాడు.

"నీకు అక్క ఉండాదని చెప్పలేదే?"

"నాక్కూడా ఈ పొద్దే తెలిసింది."

రాములమ్మ నవ్వింది. ముందు పొట్టలోంచి, తర్వాత భుజాల్లోంచి, తర్వాత మొహమంతా. చేటలో కందులు ఎగిరి నేల మీద పడ్డాయి. కాశమ్మ నవ్వింది, చిన్నమల్లయ్య గోడ పట్టుకుని నవ్వాడు, టేపు పట్టుకున్న దర్శి ఆయన ఎందుకో తెలియకుండానే నవ్వేశాడు. పంచె గాలికి ఊగింది కానీ కింద పడలేదు. నాగవేణి కళ్లలో నీళ్లు తిరుగుతూనే ఉన్నాయి, వేలు మాత్రం నొక్కింది.

అయిదుకు రెండు నిమిషాలు ఉండగా మూడు ఫొటోలు విజయవాడకు వెళ్లాయి.

దర్శి ఆయన కాశమ్మ ఇచ్చిన టీ తాగి, సోమవారం మళ్లీ కనుక్కుంటానని వెళ్లాడు. ఆశ వదలలేదు పాపం. అందరూ వసారాలో కూర్చుని ఫోను వైపే చూశారు. అర్ధగంటకు మోగింది. ఆమె ఏ ఏజెన్సీ మోడల్ అని రాశారు వాళ్లు. నాగవేణి గట్టిగా చదివి వినిపించి, ఒక్క క్షణం ఆలోచించి, మా వదిన అని జవాబు కొట్టింది.

వెంటనే ఇంకొకటి వచ్చింది. ఏడాది పని మీకే ఇవ్వాలనుకుంటున్నాం, రేపు పది గంటలకు మిగతా పదకొండు చీరలు పట్టుకుని మా ఓనరే వస్తున్నారు, తన ఎదురుగా ఫొటోలు తీయిస్తేనే ఖాయం చేస్తారు, మీ వదినను ఉండమనండి.

కాశమ్మ దండం పెట్టుకుంది. గోవర్ధన్ పట్టేసిన చేతులు రుద్దుకుంటూ నాగవేణి వైపు చూసి తల దించుకున్నాడు. రాములమ్మ మాత్రం చీర చెంగు నలుపుతూ తల అడ్డంగా ఊపింది.

"రేపు తెల్లారేసరికి నేనుండను మరదలా. మంద కదుల్తాది. ఈడ మేత లేదు. గిద్దలూరు పైన నల్లమల దిక్కు పోతాండాము, నెలన్నర దాకా రాము."

ఓనరు గారు మంద వెనక కొండల్లోకి వస్తారా? రానంటే, ఏడాది పని రాములమ్మతో పాటే నడిచి పోతుంది, సోమవారం దర్శి ఆయన వస్తాడు. నాగవేణి ఫోను చేతిలో పట్టుకుని, ఏమని రాయాలో తెలియక కూర్చుంది.

చిన్నమల్లయ్య లేచాడు. వసారా మూలకు వంగి, ఎన్నేళ్లుగానో తీయని కెమెరా తోలు సంచీ లాగి దుమ్ము దులిపాడు. కాశమ్మ అలవాటుగా కోడలి వైపు తిరిగింది, ఆయన ఏం చెప్తే అది అప్పజెప్పడానికి. ఆయన కాశమ్మ వైపు చూడలేదు.

"అమ్మా నాగవేణీ, ఓనరును మంద కాడికే రమ్మని రాయి. బ్యాటరీలు చార్జింగుకు పెట్టు. పొద్దున నేనూ వస్తా" అన్నాడు. అటక వైపు ఒకసారి చూశాడు. "తెర వద్దులే. ఆడ నిజం కొండలే ఉండాయి."